పల్లె ఆరోగ్య కార్యకర్తల కోసం గ్రాంటు తెచ్చుకోవడం: రాయలసీమ చిన్న సంస్థలకు అడుగడుగు దారి

సంక్రాంతి దాటాక కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు పల్లెల్లో నడిస్తే తాళం వేసిన ఇళ్లు వరుసగా కనిపిస్తాయి. సుగ్గికి, అంటే వలస పనులకు, పోయిన ఇళ్లవి. కొందరు గుంటూరు మిరపకోతలకు, కొందరు బెంగళూరు కట్టుబడి పనులకు వెళ్లి ఉంటారు. వాళ్లలో ఆరో నెల గర్భిణి ఉంటుంది, టీబీ మందుల కోర్సు సగంలో ఉన్న మనిషి ఉంటాడు. ఆశా కార్యకర్త రిజిస్టరులో పేర్లుంటాయి, ఊళ్లో మనుషులుండరు. ఇలాంటి ఖాళీ ఉన్నచోట ఇల్లిల్లూ తిరిగే ఒక మనిషిని నిలబెట్టడానికి డబ్బు ఎలా తేవాలో ఈ వ్యాసంలో రాస్తున్నాను.

ఆదోని, అనంతపురం వైపు చిన్న సంస్థలకు ప్రపోజల్స్ రాసిపెడుతూ నేర్చుకున్న విషయాలివి. అన్నిటికంటే ముఖ్యమైనది మొదటే చెబుతాను. మన ప్రపోజల్స్‌లో మందులకు, క్యాంపులకు, బ్యానర్లకు ధైర్యంగా డబ్బు అడుగుతాం. రోజూ నడిచే మనిషి జీతం దగ్గరికి వచ్చేసరికి మొహమాటపడతాం, "వాలంటీర్" అని రాసి సరిపెడతాం. నేను రాసిన మొదటి ప్రపోజల్‌లోనూ అదే చేశాను. గ్రాంటు వచ్చింది, క్యాంపులు జరిగాయి, ఫోటోలు బాగా వచ్చాయి. ఐదు నెలలు తిరక్కుండానే నలుగురు కార్యకర్తల్లో ముగ్గురు మానేశారు. వాళ్లలో ఒకామె నాతో అన్న మాట ఇప్పటికీ చెవుల్లోనే ఉంది: "క్యాంపుకు షామియానా అద్దె ఇచ్చినారు కదన్నా, మా కాళ్లకు ఏమిచ్చినారు?" ఆ తర్వాత ఏ ప్రపోజల్ మొదలుపెట్టినా ఆమె జీతం వరుసనే ముందు రాస్తున్నాను.

మొదటి అడుగు: ఎవరి కోసం, ఎక్కడ

"పేద గ్రామీణ ప్రజల ఆరోగ్యం" అని రాస్తే ఎవరూ డబ్బివ్వరు. ఎవరు, ఏ ఊరు, ఏ ఇబ్బంది అన్న మూడూ ఒక వాక్యంలో పట్టాలి. మన జిల్లాల్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. పడమటి కర్నూలు వలస కుటుంబాలున్నాయి. కదిరి, పత్తికొండ వైపు మెయిన్ రోడ్డుకు దూరంగా ఉన్న సుగాలి తండాలున్నాయి. నల్లమలలో చెంచు గూడేలున్నాయి. బేతంచెర్ల, తాడిపత్రిలో రాతి పాలిష్ యూనిట్లలో దుమ్ము పీల్చే కూలీలున్నారు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానివల్ల టీబీ ముప్పు కూడా పెరుగుతుంది. ఈ రెండూ కలిపి చూసే కార్యకర్త కావాలని రాస్తే, అడిగినదానికి కారణం దానంతట అదే కనిపిస్తుంది.

దాత తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆశా ఉంది కదా, మళ్లీ మీ మనిషి ఎందుకు?" 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆశా వ్యవస్థలో సుమారు వెయ్యి జనాభాకు ఒక కార్యకర్త అని లెక్క. ఆ వెయ్యి మంది ఒకే ఊళ్లో ఉంటే సరే. మూడు తండాలుగా విడిపోయి, మధ్యలో వంక ఉండి, వానొస్తే దారి తెగిపోతే ఒక్క మనిషి ఏం చేయగలదు? ఆశా పనిచేయడం లేదని మాత్రం ఎక్కడా రాయకండి. అది నిజం కాదు, ఆమెకు అన్యాయం కూడా. ఆమె చేరలేని ఇళ్లు ఎన్నో లెక్క తీసి రాయండి.

ఆ లెక్క ఎలా తీయాలంటే, ప్రపోజల్ మొదలుపెట్టే ముందు రెండు వారాలు కేటాయించండి. ఆశాతో, సచివాలయం ఏఎన్ఎంతో, విలేజ్ క్లినిక్‌ను చూసుకునే ఆరోగ్య సిబ్బంది ఎంఎల్‌హెచ్‌పితో (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) కూర్చోండి. ఒక్కో తండా నుంచి విలేజ్ క్లినిక్‌కి ఎన్ని కిలోమీటర్లు, బస్సు వస్తుందా, ఎన్ని కుటుంబాలు ఏడాదిలో మూడు నెలలకు మించి ఊళ్లో ఉండవు, పోయిన ఏడాది కాన్పులు ఎక్కడ జరిగాయి, బీపీ, షుగర్ మందులు మధ్యలో ఆపేసినవాళ్లు ఎందరు అని అడిగి రాసుకోండి. రెండు వందల ఇళ్లు మీరే తిరిగి తెచ్చిన లెక్క ముందు ఏ పెద్ద నివేదికా నిలవదు. పైన ఒక్క రాష్ట్ర స్థాయి అంకె పెడితే చాలు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే సర్వే జిల్లాలవారీ పట్టికలు కూడా ఇస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోకముందు సర్వే కాబట్టి నంద్యాల, శ్రీ సత్యసాయి జిల్లాల అంకెలు పాత కర్నూలు, అనంతపురంలోనే కలిసి ఉంటాయి. ఆ సంగతి ప్రపోజల్‌లో ఒక వాక్యంలో చెప్పండి.

రెండో అడుగు: కాగితాలు

ఇది విసుగు పుట్టించే పనే, కానీ మంచి ప్రపోజల్స్ ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

సంస్థ సొసైటీ అయినా కావచ్చు, ట్రస్టు అయినా కావచ్చు. సొసైటీ అయితే ఆంధ్రప్రదేశ్ సొసైటీల నమోదు చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలి. సంస్థ పేరున పాన్, బ్యాంకు ఖాతా, మూడేళ్ల ఆడిట్ నివేదికలు సిద్ధంగా పెట్టుకోండి. ఆదాయపు పన్ను శాఖ దగ్గర, అందరూ ఇప్పటికీ 12ఎ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాత విరాళానికి పన్ను మినహాయింపు) అని పిలిచే నమోదులు చేయించాలి. కొత్త సంస్థకు ముందు మూడేళ్లకు తాత్కాలిక నమోదు వస్తుంది. దాని గడువుకు కనీసం ఆరు నెలల ముందు, లేదా పని మొదలైన ఆరు నెలల్లోపు, ఏది ముందైతే అప్పుడు రెగ్యులర్ నమోదుకు మళ్లీ దరఖాస్తు పెట్టాలి. ఈ రెండో దరఖాస్తు మరిచిపోయి ఇబ్బంది పడ్డ సంస్థలు నాకు తెలిసే మూడున్నాయి. తేదీ గోడ మీద రాసి పెట్టుకోండి.

ప్రభుత్వ గ్రాంటు కావాలంటే నీతి ఆయోగ్ వాళ్ల ఎన్జీఓ దర్పణ్ పోర్టల్‌లో నమోదు నంబరు కావాలి. కంపెనీలు సమాజం కోసం ఖర్చుపెట్టే సీఎస్ఆర్ డబ్బు తీసుకోవాలంటే 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్ఆర్-1 ఫారం తప్పనిసరి అయింది.

విదేశీ నిధుల మీద ఆశ పెట్టుకునేవాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నమోదుకు సంస్థ పెట్టి మూడేళ్లు కావాలి, ఆ మూడేళ్లలో ఆశయాల మీద కనీసం 15 లక్షల రూపాయలు ఖర్చుపెట్టి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థకు వచ్చిన విదేశీ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. అంతకుముందు మన పల్లె సంస్థలు చాలావరకు పెద్ద సంస్థల ద్వారా వచ్చే చిన్న వాటాల మీదే నడిచేవి. ఆ దారి మూసుకుపోయింది. అందుకే కొత్తవాళ్లు ముందు దేశంలోని డబ్బు వైపే చూడాలన్నది నా సలహా.

మూడో అడుగు: డబ్బు ఎక్కడుంది

అతి దగ్గర్లో ఉండేది, అతి తక్కువమంది అడిగేది మీ ఊరి డబ్బే. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీకి జాతీయ ఆరోగ్య మిషన్ నుంచి ఏడాదికి 10,000 రూపాయల అన్‌టైడ్ ఫండ్, అంటే ఊరి అవసరాన్ని బట్టి కమిటీయే ఖర్చుపెట్టుకునే డబ్బు, ఉంటుంది. జీతానికి అది సరిపోదు, ఆ పనికి ఉద్దేశించింది కూడా కాదు. కానీ బరువు తూచే యంత్రం, అత్యవసరంలో గర్భిణిని తీసుకెళ్లే ఆటో బాడుగ లాంటివి కమిటీ తీర్మానంతో అందులోంచి రావచ్చు. ప్రపోజల్‌లో "ఈ ఖర్చు మా గ్రామ కమిటీ భరిస్తుంది" అన్న ఒక్క వరుస ఉంటే దాతకు నమ్మకం కుదురుతుంది.

తర్వాతది గనుల డబ్బు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మన సీమకు ఇది అచ్చంగా సరిపోతుంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి ప్రతి గనుల జిల్లాలో జిల్లా ఖనిజ ఫౌండేషన్ పెట్టారు. లీజుదారులు రాయల్టీ మీద అదనంగా కట్టే మొత్తం అందులో చేరుతుంది. గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసమే ఆ డబ్బు. అందులో ఎక్కువ భాగం పెట్టాల్సిన ముఖ్య రంగాల్లో తాగునీరు, ఆరోగ్యం ఉన్నాయి. మంగంపేట ముగ్గురాయి, యర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్ల చుట్టూ సున్నపురాయి, ఇవన్నీ మన దగ్గరే ఉన్నాయి. ఫౌండేషన్‌కు కలెక్టరు అధ్యక్షులు. సంస్థగా నేరుగా వెళ్లి చేయి చాచకండి. గనుల పక్క ఊరి గ్రామసభలో తీర్మానం చేయించండి, దుమ్ము రోగాల సర్వే జతచేయండి, జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌ఓ) కార్యాలయం ద్వారా ప్రతిపాదన పంపించండి. ఆలస్యం అవుతుంది. ఆరు నెలలు తిరగాల్సి రావచ్చు. కానీ ఆ ఊళ్ల గాలి చెడగొట్టిన పనిలోంచి వచ్చిన డబ్బు అది, అడగడానికి వాళ్లకు పూర్తి హక్కుంది.

కంపెనీల సీఎస్ఆర్ మూడోది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నెట్‌వర్త్, లేదా 1,000 కోట్ల టర్నోవర్, లేదా 5 కోట్ల నికర లాభం దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు చేయాలి. బయటి సంస్థ ద్వారా చేయిస్తే ఆ సంస్థకు కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. పెనుకొండ దగ్గర కియా, తాడిపత్రి, యర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, ఓర్వకల్లు వైపు సోలార్ ప్లాంట్లు ఉన్నాయి కదా. ఏ కంపెనీ ఏ జిల్లాలో దేనిమీద ఎంత ఖర్చుపెట్టిందో కేంద్ర ప్రభుత్వ సీఎస్ఆర్ పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు. వెళ్లేముందు అది చదవండి. స్కూలు భవనాలు మాత్రమే కట్టే కంపెనీ దగ్గరికి వెళ్లి జీతాలు అడిగితే ఇద్దరి సమయమూ వృథా. ఏప్రిల్ నుంచి జూన్ లోపు కలవండి, అప్పుడే వాళ్ల ఏడాది ప్రణాళిక తయారవుతుంది. ఫిబ్రవరిలో వెళ్తే "మార్చిలోపు ఖర్చయ్యేది ఏదైనా చెప్పండి" అంటారు. మార్చిలోపు ఖర్చయ్యేవి మిషన్లు, బ్యానర్లే. మనిషి జీతానికి పన్నెండు నెలలు కావాలి.

ఇవి కాక టాటా ట్రస్ట్స్, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ లాంటి దేశీయ దాతలున్నారు. వీళ్లు జీతాలకు డబ్బివ్వడానికి కంపెనీలంత వెనకాడరు. హెచ్ఐవీ ముప్పు ఎక్కువున్న వర్గాలతో, వలసకూలీలతో, లారీ డ్రైవర్లతో పనిచేసే ప్రాజెక్టులను రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ స్వచ్ఛంద సంస్థలకు ఇస్తుంది. టీబీ విషయంలో 2022లో మొదలైన నిక్షయ్ మిత్ర ఉంది, కానీ అది రోగికి పోషకాహార సాయం చేసే పథకం. దాన్ని మీ కార్యకర్త జీతానికి దారిగా లెక్కేసుకోకండి. టీబీ రోగికి ప్రభుత్వం నెలకు ఇచ్చే 500 రూపాయలు 2024 నవంబరు నుంచి 1,000 అయింది. ఆ డబ్బు ఖాతాలో పడిందో లేదో చూడటం మీ కార్యకర్త పనుల్లో ఒకటిగా రాయండి.

నాలుగో అడుగు: లెక్క

ప్రపోజల్ కథ కంటే ముందు బడ్జెట్ వేయండి. ఎనిమిది మంది కార్యకర్తలు, ఒక్కొక్కరికి 250 ఇళ్లు, మొత్తం 2,000 ఇళ్లు అనుకుందాం. ఇది నమూనా మాత్రమే, ధరలు మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

జీతం నెలకు 10,000 వేశాను. కారణం ఉంది. మన రాష్ట్రంలో ఆశా గౌరవ వేతనం అంతే. అదే వీధిలో తిరిగే మీ మనిషికి తక్కువ ఇస్తే ఆమె ఉండదు, ఉండాలని అడగడం కూడా ధర్మం కాదు. ఎనిమిది మందికి పన్నెండు నెలలకు 9,60,000. సూపర్‌వైజర్‌కు నెలకు 18,000 చొప్పున 2,16,000. ఆమె బండి పెట్రోలు 36,000.

ప్రయాణ ఖర్చు దగ్గర ఒక మెలిక ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. దాత ఇది చూపించి ప్రయాణ వరుసే కొట్టేయొచ్చు. కానీ మనం పనిచేసే తండాలకు చాలాచోట్ల బస్సే రాదు, షేర్ ఆటోనే దిక్కు. బస్సు వచ్చే ఊళ్లు, రాని ఊళ్లు విడివిడిగా రాసి, రాని ఊళ్లకు మాత్రమే ఆటో బాడుగ వేయండి. తలకు నెలకు 700 చొప్పున 67,200. నిజాయితీగా తగ్గించిన లెక్కను ఎవరూ ఇంకా తగ్గించరు.

శిక్షణ ఏడాదిలో 12 రోజులు, భోజనం, ప్రయాణం కలిపి రోజుకు తలా 350 చొప్పున 33,600. చెప్పేవాళ్లకు 18,000. బీపీ మిషన్, గ్లూకోమీటర్, హిమోగ్లోబిన్ చూసే మీటరు, తూకం, టేపు, సంచి కలిపి ఒక్కో కిట్ 9,000 అనుకుంటే 72,000. స్ట్రిప్పులకు తలకు నెలకు 500 చొప్పున 48,000. మీటరు కొని స్ట్రిప్పులకు డబ్బు వేయకపోతే మూడో నెలకు అది సంచిలో బరువే. ఫోన్ డేటా 28,800. బీమా వరుస చాలామంది వదిలేస్తారు. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్ష ప్రమాద బీమా, 436 రూపాయల జీవన జ్యోతి జీవిత బీమా కలిపి ఎనిమిది మందికి 3,648 మాత్రమే. రోడ్డు మీద తిరిగే మనుషులు, దయచేసి ఇది వదలకండి. ఆఫీసు, ఆడిట్ ఖర్చు 1,20,000.

మొత్తం 16,03,248. ఇందులో జీతాలు వందకు 73 దాటాయి. "జీతాలకే ఇంతా?" అని తప్పకుండా అడుగుతారు. జవాబు కూడా లెక్కలోనే పెట్టండి. 2,000 ఇళ్లకు పంచితే ఇంటికి ఏడాదికి సుమారు 802 రూపాయలు, నెలకు 67 పడుతుంది. ఆ 67 రూపాయలకు ఒక మనిషి ఆ ఇంటి తలుపు తడుతుంది, బీపీ చూస్తుంది, మందులు అయిపోయాయా అని అడుగుతుంది. ఈ పనిలో ఇల్లు తిరగడమే సేవ. తిరిగేది మనిషి కాబట్టి ఖర్చూ మనిషి మీదే ఉంటుంది. ఇది సర్దిచెప్పుకోవాల్సిన విషయం కాదు, గట్టిగా చెప్పాల్సిన విషయం.

ఐదో అడుగు: రాయడం

ఇక ప్రపోజల్ రాయడం తేలిక. దాత ఇచ్చిన ఫార్మాట్ ఏదైనా, ముందు మీకోసం ఒక పేజీ తెలుగులో రాసుకోండి. ఒక కార్యకర్త సోమవారం పొద్దున ఇంట్లోంచి బయలుదేరినప్పటి నుంచి సాయంత్రం రిజిస్టరు మూసేదాకా ఏం చేస్తుందో వరుసగా రాయండి. రాశాక కార్యకర్తలకే చదివి వినిపించండి. "రోజుకు ఇరవై ఇళ్లు కావన్నా, పది పన్నెండు అయితాయి" అని వాళ్లే సరిచేస్తారు. ఆ సరిచేసిన అంకెలే ఫార్మాట్‌లోకి ఎక్కించండి.

ఫలితాలు రాసేటప్పుడు మీ చేతిలో ఉన్నవే ఒప్పుకోండి. "మాతృ మరణాలు తగ్గిస్తాం" అని రాయకండి. రెండు వేల ఇళ్లలో ఒక ఏడాదిలో అది కొలిచేంత సంఖ్య కాదు. "సుగ్గికి పోయే ప్రతి గర్భిణి చేతిలో తల్లీబిడ్డల కార్డు, వెళ్లే ఊరి పీహెచ్‌సీ వివరాలు ఉంటాయి, నెలకోసారి ఫోన్ చేసి కనుక్కుంటాం" అని రాయండి. ఇది లెక్కపెట్టగలిగేది, ప్రాణం కాపాడగలిగేది కూడా. కొలతలు నాలుగైదుకు మించొద్దు. ప్రతి కొలతకూ ఒక రిజిస్టరు కాలమ్ కావాలి, ఆ కాలమ్ నింపేది రాత్రి ఎనిమిదికి అలసిపోయిన మనిషి.

రోగుల ఫోటోలు, పేర్లు ప్రపోజల్‌లో పెట్టకండి. హెచ్ఐవీ విషయంలోనైతే ఆ మనిషి అనుమతి లేకుండా స్థితి బయటపెట్టడాన్ని 2017 చట్టమే నిషేధించింది. దాత మరీ పట్టుబడితే, ఊరి పేరు కూడా లేకుండా జరిగింది మాత్రం రాసివ్వండి.

పంపాక పది పదిహేను రోజులకు ఒకసారి ఫోన్ చేయడం తప్పు కాదు. కుదరదంటే కారణం అడగండి. చాలామంది చెబుతారు, ఆ కారణమే వచ్చే ప్రపోజల్‌కు మొదటి పేరా అవుతుంది. చూడటానికి వస్తామంటే ఊరంతా శుభ్రం చేయించి దండలు వేయించకండి. కార్యకర్త వెంట మూడు ఇళ్లు నడిపించండి. మాట్లాడేది ఆమెనే కానివ్వండి.

ఆరో అడుగు: డబ్బు వచ్చాక

గ్రాంటుకు వేరే ఖాతా, వేరే క్యాష్‌బుక్ పెట్టండి. జీతాలు బ్యాంకు ఖాతాలోకే వేయండి, ప్రతి నెలా ఒకే తేదీన. ఒక మనిషికి ఒక రోజులో 10,000 రూపాయలకు మించి నగదు ఇస్తే ఆదాయపు పన్ను లెక్కల్లో ఆ ఖర్చు చెల్లదు. ఆటో బాడుగకు రసీదు దొరకదు కాబట్టి తేదీ, ఊరు, మొత్తం, డ్రైవరు సంతకం ఉండే చిన్న వోచరు పుస్తకం ప్రతి సంచిలో పెట్టండి. మూడు నెలలకోసారి యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే డబ్బు దేనికి ఖర్చయిందో చూపే పత్రం, అడుగుతారు. అప్పుడు కాగితాలు వెతుక్కునే టెన్షన్ కంటే ప్రతి శనివారం గంటసేపు రాసుకోవడం తేలిక.

రెండో విడత డబ్బు ఆలస్యం కావడం మామూలే. ఒక నెల జీతాలకు సరిపడా మొత్తం పక్కన లేకుండా పని మొదలుపెట్టొద్దు. ఒకసారి దాత నుంచి విడత రెండు నెలలు ఆలస్యమైంది. జీతాలు ఆగాయి. ఆ రెండు నెలలూ కార్యకర్తలు తిరగడం మానలేదు, కిరాణా కొట్లో బాకీ పెట్టి తిరిగారు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. మళ్లీ అలా జరగకుండా ఇప్పుడు ఒప్పందంలోనే మొదటి విడత ఐదు నెలలకు సరిపడా ఇవ్వాలని అడుగుతున్నాం. అడిగితే కొందరు ఒప్పుకుంటున్నారు.

గ్రాంటు ముగిసే తేదీని, కార్యకర్తలు పనిలో చేరిన రోజే వాళ్లకు చెప్పండి. చివరి నాలుగు నెలల్లో కొత్త దాత కోసం వెతుకుతూనే, వాళ్లకు శిక్షణ పత్రాలు, అనుభవ పత్రాలు సిద్ధం చేయండి. ఆశా, అంగన్‌వాడీ ఖాళీలు పడినప్పుడు అవి అక్కరకొస్తాయి. ఇంటి రిజిస్టర్లు మీ ఆఫీసు బీరువాలో మిగిలిపోకూడదు. మందుల మధ్యలో ఉన్నవాళ్లు, నెలలు నిండుతున్న గర్భిణులు, సుగ్గికి పోయిన కుటుంబాల ఫోన్ నంబర్లు వేరే జాబితాగా రాసి, వాళ్ల అనుమతితో, ఏఎన్ఎం చేతికి ఇచ్చి సంతకం తీసుకోండి. అప్పగించే రోజు కార్యకర్తను కూడా వెంట తీసుకెళ్లండి. ఏ ఇంట్లో ఎవరిని ముందు చూడాలో ఆమెకే తెలుసు.